జగ్గరాజు మంచు దీపాలు

ఏమయ్యా, ఆకాశం అద్దంలా ఉంటే నీ కారుకు మంచు దీపాలెందుకు? ఎదుటివాడి కళ్ళు పోతే నాకేం పోయిందనా? ముందు వాటిని ఆర్పు. నీలాంటివాడే ఒకడు మంచుకోన సంస్థానంలో ఉండేవాడు. వాడి గతి ఏమైందో విను.

ఆ సంస్థానం కొండల మీద ఉంది. ఘాట్ రోడ్డుకు ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. అందుకే రాజా భూపాలదేవుడు కార్లకు రెండు కట్టుబాట్లు పెట్టాడు. పగలు ముందువైపు చిన్న తెల్లదీపాలు వెలగాలి. కారు వస్తోందని ఎదుటివాడికి తెలియాలి. బంపరు కింది పసుపు దీపాలు మంచు కమ్మినప్పుడే వెయ్యాలి. మంచు విడగానే ఆర్పాలి.

రాజుగారి బావమరిది జగ్గరాజుకు చిన్న దీపాలంటే నామోషీ. ఆయన కారుకు నాలుగు పసుపు దీపాలు. అవి నేల చూడటం కూడా ఇష్టంలేక పైకి తిప్పించాడు. ఎండలోనూ వెన్నెల్లోనూ అవే.

"జగ్గరాజు వస్తున్నాడని ఊరంతా తెలియాలి" అనేవాడు.

ఒక సాయంత్రం మంచు లేదు, మబ్బు లేదు. కుండలతో ఎదురొచ్చిన కుమ్మరి గంటన్న కళ్ళలో ఆ వెలుగు కొట్టింది. దారి కనిపించలేదు. ఒంటెద్దు బండి కారును గీరుకుంటూ పోయి గోతిలో పడింది. కుండలు పగిలాయి. ఎద్దు కాలు బెణికింది.

మర్నాడు కొలువులో ఫిర్యాదు చేసింది మాత్రం జగ్గరాజే!

"బావగారూ, వీడు నిద్రపోతూ బండి తోలాడు. నా కారు రంగు పోయింది. ఎద్దునూ బండినీ నాకిప్పించండి."

"నాకున్నది ఆ ఒక్క ఎద్దే మారాజా! కళ్ళలో వెలుగు కొడితే ఎట్టా తోలేది?" అని గంటన్న ఏడ్చాడు.

"కట్టుబాటు తప్పాననే అనుకోండి. వెలుగుంటే దారి కనిపిస్తుంది గానీ పోతుందా?" అన్నాడు జగ్గరాజు.

రాజుకు ఆ మాట సబబే అనిపించింది. "వెలుగు కూడా మనిషిని గుడ్డివాణ్ణి చేస్తుందని సాయంత్రంలోగా ఎవరైనా చూపించండి. లేకపోతే ఎద్దు జగ్గరాజుదే" అన్నాడు.

కొలువులో పేరన్న అనే చమత్కారి ఉండేవాడు. అతను లేచాడు.

"నేను చూపిస్తాను ప్రభూ. సందెవేళ తమరికి మల్లెదండ వెయ్యడం ఎలాగూ జగ్గరాజుగారి వంతే కదా. ఇవాళ ఆ దండ కోట ముంగిట్లో వేస్తే చాలు."

"అంతేనా?" అని నవ్వాడు జగ్గరాజు.

"అంతే. మీ దీపాలే మీకు దారి చూపిస్తాయి."

సందె వాలింది. జగ్గరాజు కారును గుమ్మానికి ఎదురుగా పెట్టి నాలుగు దీపాలూ వేశారు. కారుకు ఒక పక్క నల్ల శాలువా కప్పుకుని రాజు, ఇంకో పక్క గంటన్న ఎద్దు. బండివాళ్ళ ఆనవాయితీ ప్రకారం దాని కొమ్ములకు ఇత్తడి తొడుగులున్నాయి. ఎవరూ నోరెత్తకూడదని పేరన్న ముందే చెప్పి ఉంచాడు.

జగ్గరాజు దండ పట్టుకుని గుమ్మంలోంచి బయల్దేరాడు. నాలుగడుగులకే కళ్ళు చికిలించాడు. కన్నీళ్ళు ధారకట్టాయి. ఆగితే ఓడినట్టే! అంతలో తన వెనక గుమ్మం దగ్గరి దివిటీల వెలుగుకు ఎదురుగా ఏదో తళుక్కుమంది.

కిరీటమే అనుకున్నాడు. గబగబా వెళ్ళి దండ వేసి, వంగి దణ్ణం పెట్టి, "తప్పులుంటే మన్నించండి" అన్నాడు.

ఎద్దు అతని చెంప నాకింది.

ముంగిలంతా ఘొల్లుమంది. జగ్గరాజు కళ్ళు నులుముకుంటూ, "నా తప్పేముంది? ఆ వెలుగులో ఏమీ కనిపించలేదు!" అని అరిచాడు.

"నేను చెప్పిందీ అదేగా దొరా!" అన్నాడు గంటన్న.

పేరన్న రాజుకు చేతులు జోడించాడు.

"కోప్పడకండి ప్రభూ. క్షమాపణ ఎవరికి చెప్పుకోవాలో వారికే చెప్పుకున్నారు!"

రాజు పడీ పడీ నవ్వి, తన ముత్యాలహారం తీసి పేరన్న మెడలో వేశాడు. జగ్గరాజు కారు పసుపు దీపాలు నాలుగూ అక్కడికక్కడే ఊడదీయించాడు. ఎద్దు కాలు బాగయ్యేదాకా గంటన్న కుండలు ఆ కారులోనే సంతకు పోవాలన్నాడు. తోలేది జగ్గరాజే.

పట్టపగలు, చిన్న తెల్లదీపాలు వెలిగించుకుని, వెనక సీటు నిండా కుండలతో, పక్కన బీడీ కాలుస్తున్న గంటన్నతో ఆ కారు ఘాట్ దిగేది. కోరుకున్నట్టే, జగ్గరాజు వస్తున్నాడని ఊరంతా తెలిసింది.