ముందుగా వేసిన ముద్ర

అనగా అనగా, పిల్లలూ, అడవికి కూడా బండి దారులు పడిన రోజుల్లో భల్లన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. అరిగిపోయిన బండి టైర్లను గీకి, కొత్త రబ్బరు అతికించి, ఉడికించి, మళ్ళీ దారికి పనికొచ్చేలా చేసేవాడు. మంచి పనివాడు. కాదనడం మాత్రం చేతకాదు.

ఆ అడవిలో కొత్త టైర్లు అమ్మేవాడు శూలప్ప అనే ముళ్ళపంది. ముళ్ళపందికి టైర్ల వ్యాపారమేమిటని నవ్వకండి, సరుకుకు బారెడు దూరంలో నిలబడే బేరమాడేవాడు. అతను అమ్మిన టైర్లు అరిగాక లోయలో గుట్టగా పడేవి. వాటికి నిప్పంటుకుంటే అడవికే ముప్పని సింహరాజు అక్కడ ఏనుగులను కాపలా పెట్టి, ఒక కట్టడి చేశాడు.

“శూలప్పా, అమ్మినవాడివి నువ్వే, పాతవాటి బాధ్యతా నీదే. వాటిని భల్లన్న చేత బాగు చేయించు. భల్లన్నా, బాగుచేసిన ఒక్కో టైరుకు ఒక్కో లక్కముద్ర ఇతనికియ్యి. ఆ ముద్రలు చూపితేనే ఇతను కొత్త సరుకు అమ్మాలి.”

కొన్నాళ్ళకు శూలప్ప ఒక తేనెపట్టు పట్టుకొచ్చాడు. “అన్నా, సంత దగ్గరపడింది. టైరు రేపొస్తుంది, ముద్ర ఇవాళే ఇద్దూ!”

భల్లన్న ఇచ్చాడు. మర్నాడు టైరు వచ్చింది, బాగుచేశాడు. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే కొంప ముంచింది.

రెండోసారి శూలప్ప ఇంకా పెద్ద పట్టు తెచ్చి, బండెడు టైర్లకు ముద్రలు అడిగాడు. భల్లన్న ఇచ్చాడు. టైర్లు మాత్రం సగమే వచ్చాయి. భల్లన్న మిగతావి ఏవని అడగబోయి, మొహమాటపడి ఊరుకున్నాడు.

మూడోసారి లోయలో ఉన్నవన్నిటికీ అడిగాడు. “ఎలాగూ నీ దగ్గరికి రావలసినవేగా అన్నా!”

భల్లన్న మూతికంటిన తేనె తుడుచుకుంటూ ముద్రలన్నీ వేసి ఇచ్చాడు. ఒక్క టైరూ రాలేదు.

ముద్రలు చూసి, లోయ ఖాళీ అయిందనుకున్నాడు రాజు. ఏనుగులను వేరే పనికి పంపాడు. గుట్టను అప్పటికే తీగలు కప్పేశాయి. తొంగి చూడాలని ఎవరికీ తోచలేదు.

భల్లన్న పొరుగున కొమ్ముముక్కు పిట్టల జంట ఉండేది. ఆ జాతిలో తల్లి చెట్టుతొర్రలో కూర్చుని, ముక్కు పట్టేంత సందు వదిలి, వాకిలిని మట్టితో మూసేసుకుంటుంది. పిల్లలు కాస్త ఎదిగేదాకా బయటికి రాదు. తండ్రే తిండి తెచ్చి అందిస్తాడు.

“లోయ గట్టు మీది చెట్టుకు మంచి తొర్ర ఉంది,” అంది తల్లిపిట్ట. “ఆ టైర్ల గుట్టంటేనే భయం. అవన్నీ అయిపోయాయా మామా?”

నిజం భల్లన్న నోటిదాకా వచ్చింది. కానీ అది చెబితే తేనె సంగతీ చెప్పాలి. “ముద్రలు వేసేశానమ్మా,” అన్నాడు.

ఆమె నమ్మింది. వెళ్ళి తొర్ర మూసుకుంది.

ఎండాకాలంలో ఎక్కడినుంచో నిప్పురవ్వ ఎగిరొచ్చి లోయలో పడింది. ఆర్పడానికి కాపలా లేదు. నల్లటి పొగ గట్టు మీది చెట్టును కమ్మేసింది. భల్లన్న పరుగున వెళ్ళి, చెట్టెక్కి, గోళ్ళతో మట్టి పగలగొట్టాడు. తల్లి దక్కింది. ఆమె రెక్కల కింది పిల్లలు దక్కలేదు.

“వేసేశానన్నావుగా మామా,” అంది ఆమె.

భల్లన్న రాజు ముందు అంతా చెప్పుకుని ఏడ్చాడు. శూలప్ప అంగడి మూతపడింది. మంటలో మిగిలిన టైర్లను భల్లన్నే వీపున మోసుకొచ్చి, బాగుపడేవాటిని బాగుచేశాడు. ఇప్పుడతను టైరు ఉడికి, చేతిలో వేడిగా ఉండగానే ముద్ర వేస్తాడు. ఎంత తేనె తెచ్చినా ముందుగా వెయ్యడు. అయ్యో, ఆ బుద్ధి ఒక్క ఏడాది ముందు వచ్చి ఉంటే ఎంత బాగుండేది!

ఆ పిట్టల జంట దూరపు కొండకు వెళ్ళిపోయింది. గూళ్ళు పెట్టే కాలం వచ్చినప్పుడల్లా భల్లన్న పని ఆపి, ఆ ఖాళీ తొర్రకేసి చూస్తూ కూర్చుంటాడు.

పిల్లలూ, చెయ్యని పనిని చేశామని చెబితే, మనకంటే ముందు మన మాట నమ్మినవాళ్ళు నష్టపోతారు.