చెంబెడు పాలకు గంగాళం

విజయనగరంలోని ఒక చిన్న వీడియో స్టూడియోలో పైడిరాజు అనే ఎడిటర్ ఉండేవాడు. పనిలో చెయ్యి తిరిగినవాడే గానీ, ఎవరేం చెప్పినా సగం విని “అర్థమైంది” అంటూ లేచిపోయేవాడు.

తెలుగులో ‘వద్దు’, ‘కాదు’, ‘లేదు’ లాంటివి మాట చివర్లో వస్తాయి. సగమే వినేవాడికి అవి ఎలా అందుతాయి? ఒకరోజు అతని భార్య గౌరి, “సాయంత్రం మా పిన్ని వస్తోంది. మీరు స్టేషనుకి...” అని మొదలుపెట్టింది. “అర్థమైంది” అని పైడిరాజు బండి తీశాడు. “...వెళ్ళక్కర్లేదు, బస్సులో వస్తోంది” అని గౌరి గుమ్మంలో నిలబడి గాలికి చెప్పుకుంది. అతను రెండు గంటలు ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఇంటికొచ్చేసరికి పిన్నిగారు భోంచేసి కునుకు కూడా తీసి లేచారు.

ఒక గురువారం కస్తూరి టీచర్ స్టూడియోకి వచ్చింది. ఆమె చెవులు వినిపించని పిల్లల బడిలో పాఠాలు చెబుతుంది. ఆమెకూ పుట్టుకనుంచీ వినిపించదు. చెప్పాలనుకున్నది కాగితం మీద చకచకా రాసి చూపిస్తుంది. “ఇందులో ఇరవై సైగల పాఠాలున్నాయి. ఆదివారం మా పిల్లల అమ్మానాన్నలు బడికి వస్తారు. ఇవి చూసి, ఇంట్లో పిల్లలతో మాట్లాడటం నేర్చుకుంటారు. సైగ మొదలైన చోటు నుంచి చెయ్యి పూర్తిగా దిగేదాకా ఎక్కడా కత్తిరించకూడదు” అని రాసి, కెమెరా కార్డు చేతికిచ్చింది.

పైడిరాజు మొదటి రెండు వాక్యాలు చదివి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

స్టూడియోలో అందరికన్నా పెద్దవాడు సింహాద్రి మాస్టారు. సినిమా రీళ్ళు కత్తెరతో కోసి అతికించిన రోజుల నుంచీ ఆయనకు ఈ పనే. కార్డు చూసి ఆయన హెచ్చరించాడు.

“ఒరే రాజూ, ఆ ఫైళ్ళు నేరుగా ఎడిటింగులో పెట్టకు. చోటు ఆదా కోసం కెమెరా వాటిని బాగా కుదించేస్తుంది. ఒక బొమ్మ పూర్తిగా దాచి, తర్వాతి బొమ్మల్లో మారినదాన్ని మాత్రమే దాస్తుంది. నడిమధ్యలో ఆపితే కంప్యూటర్ వెనక్కీ ముందుకీ వెతుక్కుని చస్తుంది. ముందు ఎడిటింగుకి పనికొచ్చే కోడెక్‌లోకి మార్చుకో.”

కోడెక్ అంటే వీడియోని కంప్యూటర్లో దాచుకునే పద్ధతి. అలాంటి పద్ధతులు చాలా ఉన్నాయి.

“ఏది తీసుకోమంటారు మాస్టారూ?”

“అదే చెబుతున్నా. అన్నిటికన్నా పెద్ద ఫైళ్ళు చేసే కోడెక్ ఉంది చూశావూ, అది మాత్రం...”

“అర్థమైంది!” అని పైడిరాజు లేచాడు.

“...వద్దురా” అన్నాడు మాస్టారు, ఖాళీ కుర్చీతో.

పైడిరాజు అన్నిటికన్నా పెద్ద కోడెక్ ఎంచుకున్నాడు. ఎంత పెద్ద ఫైలైతే బొమ్మ అంత బాగుంటుందని అతని నమ్మకం. కంప్యూటర్ రొప్పుకుంటూ శుక్రవారం మధ్యాహ్నం దాకా ఫైళ్ళు మారుస్తూనే ఉంది. పదకొండో పాఠం పూర్తయ్యేసరికి డిస్కులో చోటు అయిపోయింది. అంత చేసినా, పక్కపక్కన పెట్టి చూస్తే పాత బొమ్మకీ కొత్త బొమ్మకీ వెంట్రుకవాసి తేడా లేదు.

మారిన పదకొండింటినీ ఎలాగో ఎడిట్ చేశాడు. మిగిలిన తొమ్మిదింటికీ వ్యవధి లేదని కెమెరా ఫైళ్ళనే నేరుగా పెట్టేశాడు. ఇక చూడాలి ఆ తిప్పలు! ఆపమంటే బొమ్మ ఆగేది కాదు. కదలమంటే కదిలేది కాదు. చెయ్యి ఎక్కడ దిగిందో కనబడక ముందే తెర బిగుసుకుపోయేది. చివరికి పైడిరాజు కళ్ళు చికిలించి, అందాజుగా కోసిపారేశాడు.

శనివారం పొద్దున్నే కస్తూరి టీచర్ తన శిష్యురాలు పద్మినిని వెంటబెట్టుకుని చూడటానికి వచ్చింది. పద్మినికి ఎనిమిదేళ్ళు. మొదటి పదకొండు పాఠాలూ ఇద్దరూ తలలూపుతూ చూశారు. పన్నెండోది మొదలైన కాసేపటికి పద్మిని పకపకా నవ్వింది. కుర్చీలోంచి జారి, నేల మీద కూర్చుని మరీ నవ్వింది.

పైడిరాజు కూడా నవ్వాడు. “ఏమైంది టీచర్‌గారూ?” అని చేత్తో అడిగాడు.

కస్తూరి టీచర్ మాత్రం నవ్వలేదు. కలం తీసి రాసింది. “నేను చెప్పింది: వేడి గిన్నె ముట్టుకోవద్దు. మా సైగల్లోనూ ‘వద్దు’ చివరనే వస్తుంది. మీరు దాన్ని కోసేశారు. ఇప్పుడు నేను ‘వేడి గిన్నె ముట్టుకో’ అంటున్నాను.” కింద మరో వాక్యం చేర్చింది. “రేపు తల్లులు ఇదే నేర్చుకుని పిల్లలకు చెబుతారు.”

ఈసారి పైడిరాజు చివరి అక్షరం దాకా చదివాడు. అతని నవ్వు ఆగిపోయింది. ఎదురుగా పద్మిని చిట్టి చేతులు కనిపించాయి. చేతులు జోడించి, “సాయంత్రానికి సరిచేస్తాను” అని తానే రాసిచ్చాడు.

వెంటనే సింహాద్రి మాస్టారి దగ్గరికి పరిగెత్తి జరిగింది చెప్పాడు.

“కూర్చో” అన్నాడాయన. “చెంబెడు పాలు గంగాళంలో పోస్తే గంగాళమెడు పాలవుతాయట్రా?”

“అవవు.”

“కెమెరా పట్టనిదాన్ని ఏ కోడెక్కూ తెచ్చిపెట్టలేదు. చెంబెడు పాలు చెంబెడే.”

“మరి మార్చడం దేనికి?”

“గరిటె తిరగాలి కదా! చెంబు మూతి ఇరుకు. గంగాళం నీ పొయ్యి మీదికి ఎక్కదు. మధ్యరకం గిన్నె తీసుకో. ప్రతి బొమ్మనీ విడివిడిగా, పూర్తిగా దాచే కోడెక్ అయితే చాలు, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది. చోటు కోసం, పనైపోయిన ఆ పదకొండింటి పెద్ద ఫైళ్ళు తీసెయ్. కెమెరా కార్డులోవి మాత్రం...”

పైడిరాజు లేవబోయాడు. మళ్ళీ కుర్చీ గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

“...చెరపకు. అసలువి ఎప్పుడూ ఉండాలి.”

“ఇంకేమైనా ఉందా మాస్టారూ?”

కలిసి పనిచేసిన ఇరవై ఏళ్ళలో ఆ ప్రశ్న అతని నోట వినడం మాస్టారికి అదే మొదలు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “ఉంది. టీ తాగి వెళ్ళు” అన్నాడు.

తొమ్మిది పాఠాలూ మారడానికి గంటన్నర పట్టింది. ఇప్పుడు బొమ్మ చెప్పినట్టు వినసాగింది. కస్తూరి టీచర్ పక్కనే కూర్చుని, సైగ ముగిసిన ప్రతిసారీ బల్ల మీద వేలితో తట్టింది. ఆ తట్టు పడేదాకా పైడిరాజు కత్తిరించలేదు. ఎండ తగ్గేలోపు పని పూర్తయింది.

ఆదివారం బడి హాలు నిండిపోయింది. పాఠాలు చూశాక పద్మిని తల్లి ముందుకొచ్చింది. ఆమె రైతు బజారులో కూరగాయలు అమ్ముతుంది. కూతురితో ఇన్నేళ్ళూ వేలు చూపించి, కళ్ళెర్రజేసి నెట్టుకొచ్చిందే గానీ నిండుగా ఒక్క వాక్యం చెప్పి ఎరగదు. ఒక్కో సైగా గుర్తు చేసుకుంటూ మెల్లగా, “వేడి గిన్నె ముట్టుకో... వద్దు” అని సైగ చేసింది.

పద్మిని నోరు తెరుచుకుని తల్లివంక చూసింది. తర్వాత ఆ చిన్న చేతులు గబగబా కదిలాయి. తల్లికి అర్థం కాలేదు. పైడిరాజుకీ కాలేదు. అయినా అతను చూపు తిప్పకుండా, ఆ చేతులు కిందికి దిగేదాకా చూశాడు.

కస్తూరి టీచర్ నవ్వాపుకుంటూ పద్మిని అన్నదాన్ని బోర్డు మీద రాసింది: “నిన్న చెయ్యి కాల్చుకుంది నువ్వే కదమ్మా!”

హాలంతా గొల్లుమంది. తల్లి నవ్వుతూనే కన్నీళ్ళు తుడుచుకుని, కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

సగం విన్న సలహా అసలు వినని సలహా కన్నా చేటు. చివరిదాకా విన్నవాడికే ఏ పనికి ఏది తగినదో తెలుస్తుంది.