రాజు ముందు బంటు

ఆ ఊరు కొండవాలున మెట్లు మెట్లుగా ఉండేది. అన్నిటికన్నా కింది మెట్టు బురదలో, అన్నిటికన్నా పై మెట్టు ఎండలో. మధ్యమెట్లవాళ్లు కిందికి చూసి జాలిపడుతూ, పైకి చూసి కుళ్లుకుంటూ రోజులు వెళ్లదీసేవారు.

ఎవరు ఏ మెట్టు మీద బతకాలో చదరంగం తేల్చేది. ప్రతి ఇంట్లో వెనకగోడకు ఒక కిటికీ, కిటికీకి నల్లటి తెర, తెర ముందు గళ్ల బల్ల, పక్కన ఇసుక గడియారం. ఇక్కడ మనిషి తన పావు కదిపితే, తెర అవతల ఎవరో తమ పావు కదిపేవారు, ఆ ఎత్తు ఈ బల్ల మీద దానంతటదే పడేది. వాళ్ల పేరు తెలియదు, ముఖం తెలియదు, ఆడో మగో కూడా తెలియదు. గెలిచినవాళ్లు ఒక మెట్టు ఎక్కాలి, ఓడినవాళ్లు ఒక మెట్టు దిగాలి. ఈ చట్టం ఎవరు పెట్టారయ్యా అని అడిగినవాణ్ణి ఊళ్లో పిచ్చివాడనేవారు.

కింది మెట్టు మీద ఒక నులకవాడు ఉండేవాడు. మంచాలకు నులక అల్లడం అతని పని. తడికి నులక కుళ్లిపోయే చోట ఆ పనేం సాగుతుంది? ఏదో సాగేది. అతని గోడు నులక కాదు, పెళ్లాం. ఆ తేమకు ఆవిడకు దగ్గు పట్టుకుంది. మొదట్లో పొద్దున పూటే దగ్గేది. తరవాత పగలూ రాత్రీ ఒకటే దగ్గు. పక్కటెముకలు ఎగిరెగిరి పడేవి.

వైద్యుడు వచ్చి చూశాడు. మందేమీ ఇవ్వలేదు. "ఈమెకు ఎండ తగలాలి. వానలు మొదలయ్యేలోగా ఎండమెట్టుకు చేర్చుకో. లేకపోతే నన్ను మళ్లీ పిలవనక్కర్లేదు" అని, కాళ్ల బురద కడుక్కుని వెళ్లిపోయాడు.

కొండ నీడ అంతా కింది ఇళ్ల మీదే పడేది. ఎండ మొదలయ్యేది ఎండమెట్టు దగ్గర. అక్కడ ఉన్న ఇళ్లు ఉన్నన్నే. ఒకరు ఎక్కాలంటే ఒకరు దిగాల్సిందే.

నులకవాడు ఆటకు కూర్చున్నాడు. కూర్చున్నాడంటే అలా ఇలా కాదు. తిండీ తిప్పలూ లేకుండా ఆడాడు. రెండు మెట్లు ఎక్కేవాడు, మళ్లీ జారి బురదలో పడేవాడు. ఆ ఊరివాళ్లకు ఒక అలవాటుంది. ఓడిపోగానే బల్లను అరచేత్తో ఒక్క చరుపు చరిచి, "అవతలివాడు మాయదారి వెధవ" అని తిట్టి, పావులు మళ్లీ పేర్చేస్తారు. ఓడిన ఆటను తిరిగి చూడటం వాళ్లకు అపశకునం. నులకవాడూ అంతే, చరిచి చరిచి అరచెయ్యి కాయలు కాసింది.

"ఎన్ని ఆడితే అంత చేయి తిరుగుతుంది బావా" అని పక్కింటి కుండలవాడు ధైర్యం చెప్పేవాడు. ఆ కుండలవాడు పుట్టినప్పటి నుంచీ బురదలోనే ఉన్నాడు. సలహాకేం, నోరుంటే చాలు.

ఓడిన ఆటను చూసుకోవాలంటే చోటు లేకపోలేదు. మెట్ల నడుమ నెమరుగది అని ఒకటుంది. అందులో ఒక ముసలమ్మ, ఒక దీపం, ఒక బల్ల. అడిగితే ముగిసిపోయిన ఆటను పావులే మొదటి నుంచీ కదిలి చూపిస్తాయి. వెళ్లేవాళ్లే అరుదు. "నెమరెయ్యడానికి మనమేమన్నా గొడ్లమా?" అని నవ్వేవారు. గొడ్డు నయం కదా, తిన్నది ఒంటికి పడుతుంది. వీళ్లకు మింగింది మింగినట్టే ఉండిపోయేది.

ఒకరోజు నులకవాడు గెలిచే ఆట ఓడిపోయాడు. బల్ల చరచడానికి చెయ్యి ఎత్తాడు. వెనక మంచం మీద ఆవిడ చిన్నగా, "పోన్లేవయ్యా, ఈ బురద మనకేమీ కొత్త కాదుగా" అంది. ఆ మాటకు అతనికి ఏడుపొచ్చింది. చెయ్యి దించి, సిగ్గు విడిచి నెమరుగదికి నడిచాడు.

ముసలమ్మ అతన్ని బల్ల ముందు కూర్చోబెట్టింది. పావులు కదలడం మొదలుపెట్టాయి. తను వేసిన ఎత్తులన్నీ ఎవడో పరాయివాడు వేసినట్టు కనబడ్డాయి. ఒకచోట ముసలమ్మ వేలు అడ్డం పెట్టింది. పావులు ఆగాయి.

"ఈ బంటును ఎందుకు కదిపావు నాయనా?"

అది రాజు ముందున్న బంటు. అది కదిలితే రాజు ఇంటికి తలుపు తీసిపెట్టినట్టే. ఆ సందులోంచే అవతలివాడి గుర్రం దూకింది.

"ఏమో అమ్మా. వెయ్యాలనిపించింది, వేశాను."

అంతకు ముందు ఓడిన ఆట చూపించింది. అందులోనూ అదే బంటు. ఆ ముందుది, ఇంకా ముందుది. ప్రతిసారీ ఆట బాగానే సాగుతుంది, ఉన్నట్టుండి రాజు ముందు బంటు అడుగు ముందుకేస్తుంది, ఇల్లు కూలుతుంది. అవతలివాళ్లు వేర్వేరు. తప్పు మాత్రం ఒక్కటే. ఇన్నాళ్లూ మాయదారి వెధవ అని తిట్టింది ఎవర్నో అతనికి అర్థమై తల వాలిపోయింది.

"బంటు సంగతి బల్ల చెప్పింది. చెయ్యి సంగతి నువ్వే చెప్పాలి. అది కదిపినప్పుడు ఇంట్లో ఏం జరుగుతోంది?" అంది ముసలమ్మ.

అతను కళ్లు మూసుకుని జ్ఞాపకం చేసుకున్నాడు. చాలాసేపటికి తెలిసింది. ఆవిడ దగ్గుతోంది. ప్రతిసారీ ఆవిడకు ఊపిరాడనంత దగ్గు వచ్చినప్పుడే, ఈ ఆట తొందరగా తేల్చెయ్యాలి, ఈ మనిషిని ఇక్కణ్ణుంచి తీసుకుపోవాలి అని గుండె కొట్టుకునేది. చేతికి దగ్గరగా ఉన్న బంటు కదిలిపోయేది.

"నా భార్య దగ్గుతోందమ్మా" అన్నాడు.

"అయితే ఏం చెయ్యాలో నీకు తెలిసిపోయింది" అంది ముసలమ్మ, దీపం వత్తి సరిచేస్తూ.

తెలిసింది. తెలిసిన పని చెయ్యడమే కష్టమైంది. మొదట చెవుల్లో దూది పెట్టుకున్నాడు. చెవులు మూసినా ఆ కుదుపుకు మంచం కోళ్లు నేలమీద కొట్టుకుని, ఆ అదురు కాళ్లకు తెలిసేది. దగ్గు వచ్చినప్పుడల్లా చెయ్యి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడు. కొన్నాళ్లు ఆ చెయ్యి వణికేది. తరవాత్తరవాత వణకడం మానేసింది. ఆడినవన్నీ నెమరుగదికి పట్టుకుపోయి చూసుకునేవాడు. రాజు ముందు బంటు కదలడం తగ్గింది.

అతను చెయ్యి తొడ కింద పెట్టుకోవడం ఆవిడ కనిపెట్టింది.

"ఏమయ్యో, నా దగ్గుకూ నీ ఆటకూ పొత్తేమిటి?"

అబద్ధమాడి ఉంటే బాగుండేది. అతనికి అబద్ధం చేతకాదు. "నువ్వు దగ్గితే నా చెయ్యి నిలవదే. తప్పు ఎత్తు వేసేస్తాను" అన్నాడు.

మర్నాటి నుంచీ అతను తెర ముందు కూర్చోగానే ఆవిడ చీరకొంగు ఉండచుట్టి నోట్లో కుక్కుకునేది. కళ్లు ఎర్రబడి, మెడనరాలు తేలి, నీళ్లు కారేవి. దగ్గు మాత్రం బయటికి వచ్చేది కాదు. అతను వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే చెయ్యి కదులుతుందని భయం.

ఇక ఎక్కడం మొదలైంది. ఒక్కో మెట్టే. బురద పోయింది, చెమ్మ మిగిలింది. "మా బావ గొడ్డులా నెమరేసి పైకి పోతున్నాడు" అని కుండలవాడు కిందనించి అరిచేవాడు. అందులో మెచ్చుకోలెంతో ఏడుపెంతో వాడికే తెలియాలి.

ఒక మధ్యాహ్నం ఆట ముగించి లేచేసరికి మంచం పక్కన చెంబు దొర్లి ఉంది. నేలంతా నీళ్లు. ఆవిడ చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి వేలాడుతోంది.

"పిలిచావా?" అన్నాడు.

"లేదులే."

పిలిచిందని ఆ గొంతు బొంగురే చెప్తోంది. ఎన్నిసార్లు పిలిచిందో. అతను చెంబు నింపి తాగించాడు. తను నేర్చుకున్న విద్య ఏమిటో అప్పుడు తెలిసి భయమేసింది. అయినా సాయంత్రానికి మళ్లీ తెర ముందు కూర్చున్నాడు. పడమట మబ్బు పడుతోంది మరి.

వానకు ముందటి ఉక్కపోత రోజున ఆఖరి ఆట వచ్చింది. అది గెలిస్తే ఎండమెట్టు. తెర అవతల ఉన్నది ఎండమెట్టు మీది మనిషే అన్నమాట. ఎవరోగానీ గట్టి ఆట. ఒక్క పావు కూడా ఒంటరిగా వదలకుండా, పిల్లల కోడిలా అన్నిటినీ దగ్గరికి పొదువుకుని ఆడుతున్నారు. నులకవాడికి సందు దొరకలేదు. ఇసుక సగం దాటింది. వెనక ఆవిడ కొంగు కుక్కుకుని ముడుచుకుపోయి ఉంది.

అప్పుడు, ఏ కారణమూ లేకుండా, అవతలి రాజు ముందు బంటు ఒక అడుగు ముందుకు వేసింది.

నులకవాడు బల్లవంక చూస్తూ ఉండిపోయాడు. ఆ బంటును అతను ఎరుగును. ఆ ఎత్తు తెలివితక్కువ వల్ల వచ్చేది కాదు. ఇంత జాగ్రత్త అయిన మనిషి అలా కదిపారంటే, వాళ్ల వెనక మంచం మీద ఎవరో ఊపిరాడక దగ్గుతున్నారు. ఎండలోకి తెచ్చుకుని ఎన్నాళ్లో అయి ఉండదు. ఇంకా తగ్గి ఉండదు.

తెర అతని మొహానికి జానెడు దూరంలో ఉంది. ఎత్తి చూడటానికి చట్టం ఒప్పదు. వినడానికి ఏ చట్టమూ అడ్డం లేదు. కానీ అతను ఎంతో కష్టపడి చెవులు మూసుకోవడం నేర్చుకున్నాడు. ఇసుక జారుతోంది. చేతిలో గుర్రం ఉంది. ఈ సందు వదిలేస్తే ఆట పోతుంది, పోతే మళ్లీ వానలలోపల ఇక్కడిదాకా ఎక్కలేడు. వెనక్కి తిరగకుండానే ఆవిడ మెడనరాలు అతనికి కనబడ్డాయి.

గుర్రాన్ని ఆ సందులోకి దూకించాడు. నాలుగు ఎత్తుల్లో ఆటకట్టు.

బోయీలు వచ్చి ఆవిడను మంచంతో సహా ఎత్తుకున్నారు. ఎక్కేవాళ్ల దారి వేరు, దిగేవాళ్ల దారి వేరు, నడుమ నిలువెత్తు గోడ. ఒకరి మొహం ఒకరు చూసుకోకూడదని పెద్దలు కట్టించారు. పెద్దలు అన్నీ ఆలోచిస్తారు. సగం దూరం ఎక్కాక గోడ అవతల ఎవరో కిందికి దిగుతున్న అలికిడి అయింది. చిన్న గొంతు, పిల్లదో పిల్లాడిదో, తెరిపి లేకుండా దగ్గుతోంది. పెద్ద గొంతు ఒకటి "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటోంది.

ఆవిడ మంచం మీంచి తల ఎత్తింది. "పాపం, ఎవరో చంటిది దగ్గుతోందయ్యా. వింటున్నావా?"

"నాకేం వినబడలేదు" అన్నాడు నులకవాడు. అబద్ధం చేతకాని మనిషికి అదొక్కటి మాత్రం చేతనైంది.

ఎండమెట్టు మీద ఎండ నిజంగానే ఉంది. వాన వచ్చింది, పోయింది, మళ్లీ ఎండ కాసింది. ఆవిడ వాకిట్లో కాళ్లు చాపుకుని కూర్చునేది. దగ్గు వారానికి తగ్గింది, నెలకు పోయింది. బుగ్గల్లోకి నెత్తురు వచ్చింది. "నా కొంగుకు విశ్రాంతి దొరికిందయ్యా" అని నవ్వేది. అతను నవ్వేవాడు కాదు. పిలిస్తే పలికేవాడు కాదు. ఆవిడ లేచివచ్చి భుజం తడితే ఉలిక్కిపడి, "ఏమిటి? ఎవరు దగ్గారు?" అనేవాడు.

చివరికి ఒకరోజు మెట్లు దిగి నెమరుగదికి వెళ్లాడు. ఎండమెట్టు వాళ్లు అక్కడికి రావడం ముసలమ్మ ఎప్పుడూ చూడలేదు.

"గెలిచిన ఆట చూపించమ్మా" అన్నాడు.

పావులు కదిలాయి. అవతలి బంటు ముందుకు వచ్చింది. గుర్రం దూకింది. రాజు కూలాడు. ముసలమ్మ వేలు ఎక్కడా అడ్డం పెట్టలేదు.

"ఇందులో తప్పు లేదు నాయనా."

"ఉంది. సరిగ్గా చూడు."

ఆమె మళ్లీ ఆడించింది. దీపం దగ్గరగా జరిపి, ఒక్కో ఎత్తు దగ్గరా ఆగి చూసింది. తల అడ్డంగా ఊపింది. "నీ వైపు ఒక్క తప్పూ లేదు. నా ఎరికలో ఇంత శుభ్రమైన ఆట లేదు."

"ఆ బంటు ఎందుకు కదిలిందో నాకు తెలుసమ్మా" అన్నాడు నులకవాడు. "తెలిసే గుర్రాన్ని దూకించాను."

"తెలియక వేసిన ఎత్తునే ఇక్కడ తప్పంటాం. తెలిసి వేసినదాన్ని తప్పనం."

"మరేమంటారు?"

ముసలమ్మ అతని మొహంలోకి చూసింది. ఆమెకు జాలి వేసిందో ఏమో, మాట మాత్రం మార్చలేదు.

"మంచి ఎత్తు అంటాం" అని, పావులు ఏరి పెట్టెలో వేసుకుంది.