ఎక్కాలు విన్న బాతులు

అనగనగా కొల్లేటి గట్టున ఒక ఊరుందిరా బుజ్జీ. ఆ ఊళ్ళో అందరూ బాతులు మేపేవాళ్ళే. కోతలయ్యాక చేలల్లో గింజలు రాలతాయి కదా, వాటికోసం బాతుల్ని తోలుకుని ఊరూరా తిరిగేవాళ్ళు. వెంట పిల్లలూ వెళ్ళేవాళ్ళు.

ఆ ఊరి బడికి వరహాలమ్మ అనే పంతులమ్మ వచ్చింది. పిల్లలకి చక్కగా చదువు చెప్పింది. కానీ వేసవి కోతలూ, అయిదో తరగతి పరీక్షలూ ఒకేసారి వచ్చేవి. పరీక్షనాటికి బడి ఖాళీ. పరీక్ష రాయకపోతే పెద్దబడికి పోయేదెలా? ఆ ఊరినించి ఒక్క పిల్లా పెద్దబడి గడప తొక్కలేదు.

మొదటి ఏడు పంతులమ్మ బాతులవాళ్ళ పెద్ద పోలయ్య దగ్గరికి వెళ్ళింది. "పిల్లల్ని ఉంచి వెళ్ళు బాబాయ్" అంది.

"బాతుల్ని మీరు తోలతారా పంతులమ్మగారూ?" అన్నాడు పోలయ్య. మహా మొండివాడులే.

రెండో ఏడు మళ్ళీ వెళ్ళింది. "పోనీ, పరీక్షలయ్యేదాకా ఆగు" అంది.

"మేం ఆగితే పక్కూరి బాతులు ఆగుతాయా? గింజలన్నీ ఊడ్చేస్తాయి" అన్నాడు.

మూడో ఏడు ఆవిడ ఏమీ అడగలేదు. బడికి సెలవులిచ్చారు. అప్పుడు పుట్టింటికి వెళ్ళకుండా, సంచీ భుజాన వేసుకుని అప్పటికే వెళ్ళిపోయిన బాతుల్ని వెతుక్కుంటూ వెళ్ళి మందలో కలిసింది.

"ఎండకి నల్లబడిపోతారు" అన్నాడు పోలయ్య.

"పలకకంటే నల్లబడనులే బాబాయ్" అంది.

మధ్యాహ్నం బాతులు కాలవలో సేదదీరేవి. అప్పుడు పంతులమ్మ గట్టుమీద పిల్లల్ని కూచోబెట్టి ఎక్కాలు చెప్పించేది. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు అని అందరూ ఒక్క గొంతుతో అరిచేవాళ్ళు. సరిగ్గా ఆ వేళకే పోలయ్య బాతులకి తవుడు పెట్టేవాడు. అలా వేసవంతా గడిచింది. ఎక్కాలు వినపడితే తవుడు వస్తుందని బాతులకి అలవాటైపోయింది. ఆ సంగతి పోలయ్యా చూసుకోలేదు, పంతులమ్మా చూసుకోలేదు.

ఆ తర్వాత ఏడు కోతలొచ్చాయి. తెల్లారితే పరీక్షలు. పోలయ్య బాతుల్ని తోలుకుని బయల్దేరాడు. దారిలో బడి దగ్గర పిల్లల్ని పిలుచుకుందామనుకున్నాడు. లోపల పిల్లలు ఎక్కాలు చదువుతున్నారు.

అప్పుడేమైంది? ముందున్న బాతు మెడ నిక్కించింది. గిరుక్కున తిరిగి బళ్ళోకి నడిచింది. దాని వెనక ఇంకోటి, దాని వెనక మంద మొత్తం. బల్లల కింద బాతులు, గుమ్మంలో బాతులు, పంతులమ్మ కుర్చీలో కూడా ఒకటి.

పోలయ్య అదిలించాడు. కదల్లేదు. కర్ర ఊపాడు. కదల్లేదు. నోటితో కూతపెట్టి పిలిచాడు. ఒకటి వచ్చి, ఆయన చేతిలో తవుడు లేదని చూసి, మళ్ళీ లోపలికి పోయింది.

పిల్లలు పకపకా నవ్వారు. పోలయ్య మనవరాలు మంగతాయి మాత్రం నవ్వలేదు. "తాతా, నాకన్నీ వచ్చు. ఒక్కసారి రాయనీ" అంది.

పోలయ్య మనవరాలి మొహం చూశాడు. గుమ్మంలోనే చతికిలబడ్డాడు. "నువ్వెటూ నా మాట వినవు. ఇప్పుడు ఇవీ వినడం మానేశాయి. రాసుకో" అన్నాడు.

పరీక్షలు జరిగినన్నాళ్ళూ బాతులు ఊళ్ళోనే ఉన్నాయి. దగ్గరి చేలల్లో గింజలు పక్కూరి బాతులు తినేశాయి. పోలయ్య దూరం చేలు వెతుక్కున్నాడు, గొణుక్కున్నాడు. కానీ పరీక్ష రాసిన వాళ్ళంతా పాసయ్యారు. మంగతాయి పెద్దబడికి వెళ్ళింది.

పై ఏడు మంగతాయి తమ్ముడి వంతు వచ్చింది. పక్కూరివాళ్ళు బాతుల్ని తోలుకుపోతూ బడి బయట కూచున్న పోలయ్యని చూశారు. "ఏం పోలయ్యా, ఈ ఏడు నీ బాతులు పరీక్ష రాస్తున్నాయా?" అన్నారు.

"నా మనవడు రాస్తున్నాడు. మీరు పోండి. ఆ గింజలేవో మీ బాతులకే పెట్టుకోండి" అన్నాడు పోలయ్య, మీసం సవరించుకుంటూ.

ఆ మాట కిటికీలోంచి పంతులమ్మ చెవిన పడింది. తర్వాత్తర్వాత ఆవిడకి ఎన్నో శాలువాలు కప్పారు బుజ్జీ. కానీ ఆ రోజు మాత్రం కాగితాలు పంచడం మరిచిపోయి, అలా నవ్వుతూ నిలబడిపోయింది.

బాతులు పోయె చేలకి,
పిల్లలు పోయె బళ్ళకి,
కథేమో పోయె కంచికి,
నిద్దరొచ్చె మా బుజ్జికి.