నక్క మేస్త్రీ పూడ్చిన గుంత

కొండవాగు మీద పాత వంతెనకు రెండే రెండు స్తంభాలు. పోయిన వరదకు మొదటిదాని కింద ఇసుకంతా కొట్టుకుపోయింది. నీటికుక్క గంగి మునిగి చూసొచ్చింది.

"పునాది కింద నేను దూరేంత సందుంది మామా!" అంది దున్నపోతు నల్లయ్యతో.

నల్లయ్య దూడల వైపు చూశాడు. మళ్లీ వరదొస్తే దూడలన్నీ ఆ వంతెన దాటే మెరకకు చేరాలి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"నేనుండగా దిగులెందుకు?" అన్నాడు నక్క మేస్త్రీ. "తెప్పల మీద కొండరాళ్లు తెచ్చి నింపేస్తాను. రోజూ నాకో కుండెడు పాలు పొయ్యండి చాలు. పనికి దిష్టి తగలకూడదు, ఎవరూ ఇటు రావద్దు!"

తెప్పల చుట్టూ తాటాకు తడికలు కట్టించి, కోతికూలీలతో ఇట్టే పని ముగించాడు. అందరూ ఆహా అన్నారు. గంగికి మాత్రం నమ్మకం కుదరలేదు. కొండ అంత దగ్గరేం కాదు మరి.

మెల్లగా మునిగింది. గుంత నిండే ఉంది. కానీ రాళ్ల నిండా పాచి, నత్తలు! కొండరాయికి నత్తలెక్కడివి? భయంభయంగా రెండో స్తంభం దగ్గరికి ఈదింది. దాని అడుగున చెయ్యి పెడితే ఏమీ తగల్లేదు. ఇక్కడి రాళ్లే పీకి మొదటిదాని కింద పోశాడు దొంగవెధవ!

పైన ఉరుములు మొదలయ్యాయి. నిలదీస్తే నక్క మాటలతో జారిపోతాడని గంగికి తెలుసు. అందుకే నల్లయ్య ముందే నక్కను పలకరించింది.

"మేస్త్రీ గారూ, మా నీటివాళ్ల ఆనవాయితీ ఒకటుంది. తొలి మంద దాటేటప్పుడు మేస్త్రీ వంతెన కింద తెప్ప మీద కూర్చోవాలి."

"భేషుగ్గా! మొదటి స్తంభం పక్కనే కూర్చుంటా."

"వద్దండీ, రెండోదాని పక్కన. మీరు ముట్టుకోనిది కదా, ఇంకా గట్టిది."

నక్క తోక కాళ్ల మధ్యకు పోయింది. "అక్కడొద్దమ్మా! నల్లయ్య బరువుకి అది..." అని నాలుక కరుచుకున్నాడు.

నల్లయ్య కొమ్ములు దించాడు. "తెప్ప ఎక్కు."

నక్కను తెప్పతో సహా రెండో స్తంభానికే కట్టేసి, మందంతా కొండకు పరిగెత్తింది. రాళ్లు తెచ్చి తెప్పల మీంచి ఆ స్తంభం కింది గుంతలోకి దింపుతుంటే వాగు ఎర్రగా పొంగుతోంది. దూడలు గట్టున నిలబడి అరుస్తున్నాయి.

"ఇక చాలేమో?" అన్నాడు నల్లయ్య ఆయాసంతో.

"చాలదు మామా, చాలదు! నీకు దండం పెడతా, ఇంకో నాలుగు వెయ్యి!" అని గొంతు చించుకున్నాడు నక్క మేస్త్రీ.

పనివాడి మాట నమ్మాలంటే, వాడు కట్టిన దాని కింద వాణ్నే కూర్చోబెట్టు.