పాల కవర్లో ఉసిరి మొక్క

వాడేసిన పాల కవర్లు కడిగి, మట్టి నింపి, వాటిలో మొక్కలు పెంచేది నూకాలమ్మ. ప్లాస్టిక్ నిషేధమంటూ సర్పంచి వీరభద్రంగారు మొక్కల్ని నేలమీద వదిలేసి ఆ కవర్లన్నీ లాగించి, పంచాయతీ ఆఫీసులో పడేసి తాళం వేయించారు.

మర్నాడు ఎమ్మెల్యేగారితో మొక్క నాటించాలని, ఆయనే గంజిపెట్టిన తెల్లబట్టల్లో నూకాలమ్మ దగ్గరికొచ్చి, "మొక్కేదే?" అన్నారు.

"చేతులు పట్టండి బాబూ" అని నూకాలమ్మ ఆయన దోసిట్లో తడిమట్టితో సహా ఉసిరి మొక్క పెట్టింది. "ఎమ్మెల్యేగారొచ్చేదాకా దించకండి, వేళ్లు ఎండిపోతాయి."

గంట గడిచింది. బురద మోచేతుల మీంచి పంచె మీదికి కారింది. అంతలో కారు హారన్ వినబడింది. దండం పెడదామంటే చేతులు ఖాళీ లేవు.

"నూకాలమ్మా, ఒక్క కవరు తేవే!"

"తాళం తీయించండి బాబూ. నాటాక మాత్రం కవరు నాకిచ్చెయ్యాలి. అందులో ఇంకో మొక్క పెట్టుకోవాలి."