కాశీకి ఎవరితో పోవాలి

జట్టుతో పోవాలా, ఒంటరిగా పోవాలా? తుంగభద్ర ఒడ్డున మల్లార్యస్వామి మఠంలో ఉండే విరూపన్నకు ఈ ప్రశ్న పట్టుకుని తిండీ నిద్రా లేకుండా పోయాయి.

కాశీ చూడాలని అతనికి మీసాలు రాకముందు నుంచే కోరిక. ఇన్నాళ్లకు స్వామి సెలవిచ్చాడు. "పో నాయనా. ఎట్లా పోతావో నువ్వే తేల్చుకో" అన్నాడు. ఆ తేల్చుకోవడమే విరూపన్న ప్రాణం మీదికి వచ్చింది.

వానలు తగ్గాయి. గౌరీపతి శెట్టి అనే నూనె వ్యాపారి ఒక యాత్రికుల జట్టును వెంటబెట్టుకొచ్చి మఠంలో దిగాడు. బండ్ల మీద సామాను, కాలినడకన మనుషులు. ఒక బండికి ఇరుసు విరిగింది. అది బాగుపడితే బయలుదేరడమే తరువాయి. మళ్లీ ఏడాది దాకా ఆ వైపు పోయే జట్టు దొరకదు. ఒంటరిగా పోవాలన్నా చలి ముదరకముందే కదలాలి. ఇటో అటో తేలకపోతే కాశీ కలలోనే ఉండిపోతుంది. ఆ భయం విరూపన్నను ఒకచోట కాలు నిలవనివ్వలేదు.

పొద్దున లేస్తూనే జట్టే మేలనిపించేది. జ్వరమొస్తే గుక్కెడు నీళ్లిచ్చే దిక్కుంటుంది, దొంగల భయం ఉండదు. అంతలో శెట్టి వచ్చి ఏ ఊళ్లో ఆగాలో, ఎప్పుడు లేవాలో అంతా తన మాటేనని దబాయించేవాడు. ఒక ముసలమ్మ మోకాళ్ల నొప్పులు ఏకరువు పెట్టేది. ఒకాయన గొంతు లేకపోయినా భజన ఎత్తుకునేవాడు. వీళ్లతో కాశీ దాకానా! నచ్చిన చోట ఆగాలి, నచ్చకపోతే సాగిపోవాలి, వయసులో ఉన్నవాడికి అదీ ప్రయాణం అనుకుని మూట కట్టేవాడు. నది వైపు నాలుగు అడుగులు వేశాడో లేదో అడవిలో ఎలుగుబంట్లు గుర్తొచ్చేవి. వెనక్కొచ్చి మూట విప్పేవాడు.

కనిపించిన ప్రతివాణ్నీ అడిగాడు. మఠంలో వంటచేసే భద్రయ్య జట్టుతోనే పొమ్మన్నాడు. జట్టంత తలనొప్పి మరొకటి లేదన్నాడు జట్టులోని బండివాడే ఒకడు. ఇద్దరి మాటా నిజమేననిపించి విరూపన్నకు ఏడుపొచ్చింది.

చివరికి స్వామి కాళ్ల దగ్గర కూలబడ్డాడు.

"నావల్ల కాదు స్వామీ. మీరే చెప్పండి."

"భోజనం వేళయింది. పంక్తిలో కూర్చో పో" అన్నాడు స్వామి.

ఆ మఠంలో పంక్తికి ఒక కట్టడి ఉంది. స్వామి తొలి ముద్ద తీసుకునేదాకా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. ఆఖరివాడు తినడం ముగించేదాకా ఎవరూ లేవకూడదు. మధ్యలో లేస్తే పక్కవాణ్ని అవమానించినట్టే లెక్క.

విరూపన్న పక్కన జట్టులోని ఈరన్న తాత కూర్చున్నాడు. ఆదోని వైపు గొర్రెల కాపరి. నోట్లో పళ్లు లేవు. జొన్నరొట్టెను చిన్న తునకలు చేసి, నానబెట్టుకుని, నమిలీ నమలకుండా తింటున్నాడు. విరూపన్న గబగబా తినేశాడు. చెయ్యి ఎండింది. కాలు తిమ్మిరెక్కింది. అప్పుడు తాత ఇంకో రొట్టె అడిగాడు. విరూపన్నకు ఆయన పీక పిసకాలన్నంత కోపం వచ్చింది.

"ఎట్లుంది?" అని అడిగాడు స్వామి, చేతులు కడుక్కున్నాక.

"ఒక్కణ్నే పోతా స్వామీ. ఒక పూటే గడవలేదు, వీళ్లతో నెలల తరబడి ఎట్లా?"

మర్నాడు స్వామి తానే ఒక విస్తరి తీసుకుపోయి పెరటి పంచలో వేశాడు.

"ఇక్కడ నువ్వొక్కడివే. ఎప్పుడు తిన్నా, ఎప్పుడు లేచినా అడిగేవాళ్లు లేరు."

హాయిగా ఉందనుకుని విరూపన్న బాసింపట్టు వేశాడు. అంతలో పంక్తిలోంచి నవ్వులు వినబడ్డాయి. దేనికి నవ్వుతున్నారు? తన గురించా? పాయసం వడ్డిస్తున్నారేమో, తనకు రాలేదే! చెయ్యి ఇక్కడ, చెవులు అక్కడ. సగం విస్తరి వదిలేసి, చెయ్యైనా కడుక్కోకుండా స్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"జట్టుతోనే పోతా స్వామీ! ఒంటరిగా ఉండటం నావల్ల కాదు."

"మంచిది. నిన్న కూరేమి?"

గుర్తు రాక విరూపన్న భద్రయ్య వైపు చూశాడు.

"పోనీ, ఇప్పుడు తిన్నది?"

అదీ గుర్తు రాలేదు. పప్పా, పులుసా? సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

స్వామి అతని ఎంగిలి చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. వడ్డిస్తున్న భద్రయ్య అది చూసి గరిటె చేతిలోనే పెట్టుకుని నిలబడిపోయాడు.

"పుంటికూర పప్పు" అన్నాడు స్వామి. చెయ్యి వదిలి తన విస్తరి వైపు తిరిగాడు.

ఆ రోజంతా విరూపన్న మరెవరినీ ఏమీ అడగలేదు.

తెల్లవారి ఇరుసు బాగైంది. మధ్యాహ్నం భోజనం కాగానే బయలుదేరతామని శెట్టి మఠమంతా చాటాడు. విరూపన్నకు ఏదీ తేలలేదు. మూట ఇప్పుడు కట్టాలో వద్దో కూడా తెలియలేదు. దాన్ని అట్లాగే వదిలి వచ్చి ఈరన్న తాత పక్కన కూర్చున్నాడు.

కొర్రన్నం, అలసందల పులుసు. ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు. పులుసు కొంచెం అడుగంటింది. ఆ మాడు వాసన వెనక ఎండుమిరప ఘాటు, దాని వెనక ఎక్కడో తీపి. ఇన్నేళ్లుగా భద్రయ్య వంట తింటున్నాడు, ఈ తీపి ఎప్పుడూ తగల్లేదు.

"బెల్లం వేసినాడు తాతా" అన్నాడు ఆశ్చర్యంగా.

తాత ముఖం విప్పారింది. "మా ముసిల్ది గూడా ఏసేది నాయనా. కాశీ జూడల్లని శానా ఆశ దానికి. సూడకుండానే పాయ. దాని బదులు నేను జూస్తానని మాటిచ్చినా."

మొన్న ఈయన మీద అంత కోపం ఎట్లా వచ్చిందో విరూపన్నకు అర్థం కాలేదు. తాత అన్నాన్ని పులుసులో మెత్తగా పిసికి నోట్లో పెట్టుకుంటున్నాడు. ఏ ఊరు, ఎన్ని గొర్రెలు, ఆమె పేరేమిటి అని అడుగుతూ, వింటూ, విరూపన్న ఒక్కో ముద్దే తిన్నాడు.

కాసేపటికి ఎందుకో తలెత్తి చూశాడు. విస్తళ్లన్నీ ఖాళీ. చేతులన్నీ ఎండిపోయాయి, తాతది కూడా. మోకాళ్ల నొప్పుల ముసలమ్మ, భజన పాడే ఆయన, అందరూ కదలకుండా కూర్చుని అతని వైపే చూస్తున్నారు. బయట ఎడ్లను అప్పుడే బండ్లకు కట్టేశారు.

శెట్టి ఇక ఉండబట్టలేకపోయాడు. "ఏమబ్బాయ్, పొద్దు వాలుతాంది! మాతో వస్తావా, ఒక్కడివే పోతావా? ఏదో ఒకటి చెప్పు!"

విరూపన్న విస్తట్లో ఇంకా కాస్త అన్నం మిగిలి ఉంది.

"తిననీ శెట్టీ" అన్నాడు స్వామి. "వాడు బయలుదేరినాడు."